దాన్ని అమ్మిన రోజు

డోను స్టేషనులో పార్సిలు గదికి రోజూ మధ్యాహ్నం పోక తప్పదు. మా అన్న అక్కడ గుమాస్తా, అన్నం గిన్నె ఇచ్చి రావలసింది నేనే. రైలు బొగ్గు పొగ, తడిసిన గోనెసంచులు, మామిడిపండ్ల గంపలు, తోళ్ళ మూటలు, ఇన్నింటి వాసనలు కలగలిసి ఉన్నా నాకు ముందుగా తెలిసేది లక్క వాసనే. మూట మూతి కుట్టి, ముడి మీద ఎర్ర లక్కను దీపపు మంటకు కరిగించి బొట్లు బొట్లుగా వేసి, అది ఆరకముందే ఇత్తడి ముద్ర గుద్దుతారు. ఆ చిటపట, ఆ తియ్యటి చేదు పొగ ముక్కుకు తగిలిందంటే నా ఎడమకాలి చీలమండ చుట్టూ చన్నీళ్ళు పోసినట్టవుతుంది. గిన్నె బల్ల మీద పెట్టి ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వచ్చేస్తాను. సిగ్గు అనుకుంటారు. సిగ్గూ ఉంది, కానీ అది భయం.

మాది ఒంటిమిట్ట దాపున మగ్గాల ఊరు. చలికాలం పొద్దుల్లో ఇంకా మంచు పట్టి ఉండగానే వీధి పొడుగునా పడుగు చాచి, గంజి పట్టించి, ఇటొకరు అటొకరు నిలబడి కుంచెలతో దువ్వేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడినూలు వాసన, పక్కింట్లో దూదేకే బద్ద టింగుటింగుమనే చప్పుడు, ఇంటింటా గుంత మగ్గాల టకటక, వీటిలోనే మాకు తెల్లవారేది. ఎండ ముదిరేలోగా పడుగు ఆరాలి కాబట్టి పెద్దవాళ్ళు మా వంక చూసేవాళ్ళు కాదు. మేము పిల్లలం ఆ దారాల పందిరి కింద దూరి, పైన కదిలే తెల్లటి పోగుల గుండా ఆకాశాన్ని చూస్తూ అచ్చనగండ్లు ఆడుకొనేవాళ్ళం. తల తగిలి ఒక పోగు తెగితే వీపు మీద కుంచె దెబ్బ పడేది. ఉగాదికి బెల్లం ఓలిగలు, ఊరుబిండితో రాగి సంగటి, ఒంటిమిట్ట తిరనాళ్ళకు బొరుగులూ చక్కెర చిలకలూ, వానాకాలంలో తడిమట్టిలో తొక్కుడుబిళ్ళ, ఎండాకాలంలో అరుగు మీద చింతగింజలు. నన్ను ఎవరైనా ఆటకు పిలిస్తేనే పోయేదాన్ని, పిలవకపోతే చూస్తూ కూర్చునేదాన్ని.

మా నాయన మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటంతా మా జేజిది, అంటే నాయనను కన్నతల్లిది. పండ్లు పోయినా ఆకువక్క మానలేదు. చిన్న రోట్లో దంచుకొని నోట్లో వేసుకొనేది. ఆమె కుడిచేతి పైభాగాన వెండి దండకడియం ఉండేది. బొటనవేలంత లావు, తీగ మెలితిప్పినట్టు నగిషీ. వయసు మీదపడి కండ వేలాడి ఆ కడియం మీదికి జారింది. ఎండాకాలం నేను ఆ చేతి మీద తల పెట్టుకొని పడుకొనేదాన్ని. చెంపకు ఒకవైపు జేజి ఒంటి వెచ్చదనం, ఒకవైపు వెండి చల్లదనం.

నా పేరు తవుడమ్మ. బడిలో వేరే పేరు రాశారు కానీ ఇంట్లో అదే పేరు. నాకు ముందు అమ్మకు పుట్టిన బిడ్డలు, అన్న తప్ప, పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే జేజి నన్ను చేటలో పెట్టుకొని పోయి పక్కింటి దూదేకుల హుసేనమ్మకు అమ్మేసిందట. చేటెడు తవుడు తీసుకొని బిడ్డను ఇచ్చేసి, 'ఇది నీ బిడ్డ, మాది కాదు, మా ఇంట్లో పెరుగుతాది అంతే' అని చెప్పిందట. అట్లా అమ్మేస్తే మృత్యువు వచ్చి వెతికినా ఆ ఇంటి బిడ్డ దొరకదని మా వైపు నమ్మకం. హుసేనమ్మ తన తరఫున ఒక వెండి ముక్క ఇచ్చింది. వీధిలో ఇంకో నాలుగిళ్ళు అడుక్కొని తెచ్చిన విరిగిన మట్టెలూ తెగిన మొలతాటి ముక్కలూ కలిపి అగసాలాయన నా ఎడమకాలికి ఒక కడియం చేశాడు. అది సాగే రకం కాదు. నేను పెరిగాను, అది పెరగలేదు. ఏడేండ్లు వచ్చేసరికి మడమ మీదుగా బయటికి తీయడానికి వీలులేకుండా చీలమండకు పట్టేసింది.

హుసేనమ్మ దూది ఏకుతూ నన్ను చూసినప్పుడల్లా, "ఏమే నా తవుడా, నిన్ను కొన్నా గాని ఒక్కరోజన్నా నాకు బట్టలుతికి పెట్టలేదే నువ్వు" అని నవ్వేది. అది ముద్దు మాట. నాకు మాత్రం నన్ను ఒకసారి అమ్మారు అన్నది నవ్వు మాటగా ఎప్పుడూ తోచలేదు. ఒకసారి అమ్మినదాన్ని ఇంకోసారి అమ్మరా అని లోపల ఎక్కడో ఒక ముల్లు ఉండేది.

ఆ ఏడు, ఆ పై ఏడు వానలు పడలేదు. పైరు లేనివాళ్ళు చీరలేం కొంటారు? నేసిన చీరలు దండెం మీదే ఉండిపోయాయి. నూలు వ్యాపారి అప్పు మీద నూలు ఇవ్వనన్నాడు. మగ్గం ఒకరోజు ఆగితే ఆ చప్పుడు లేని ఇల్లు జబ్బు మనిషి పడుకున్న ఇల్లులా ఉండేది. అమ్మ కాళ్ళ కడియాలు పోయాయి. మొలతాళ్ళు పోయాయి. ఉగ్గుగిన్నె, కుంకుమ భరిణె పోయాయి. వాటిని ఎవరూ 'అమ్మినాం' అనేవాళ్ళు కాదు. 'కరిగించినాం' అనేవాళ్ళు. వెండి అమ్మడం ఇంటి లక్ష్మిని బయటికి పంపినట్టని, కరిగిస్తే మళ్ళీ ఏదో రూపంలో వస్తుందని ఆశ. అందుకే ఆ ఉదయం 'అమ్మడం' అన్న మాట వినబడినప్పుడు అది వెండి గురించి అయ్యుంటుందని నాకు తట్టలేదు.

ఇంట్లో మిగిలిన నూలుతో ఆఖరి పడుగు చాచారు. నేను దాని కింద ఉన్నాను. నాయన అటు, జేజి ఇటు. నా పైన కుంచెలు నడుస్తున్నాయి.

"దాన్ని అమ్మేసి రావల్ల, ఇంగ తప్పదు," అన్నాడు నాయన.

"దాన్నా? అది తవుడుకు కొన్న పానంరా."

"తెలుసు. పెట్టుకొని ఏం చేస్తాం? తిండి పెడ్తాదా? నీ చేతిది దాంతోపాటే తీసకపోదాం."

 జేజి కుంచె కదులుతూనే ఉంది.

"హుసేనమ్మకు చెప్పాల. ఆమె సొమ్ము గదా అది."

"చెప్పు. గురువారం బండి పోతాంది కడపకు. పిల్లదాన్ని ఎత్తి బండ్లో కూసోబెడితే సరిపోతాది."

నాయన మాట్లాడింది కడియం గురించి. జేజి మాట్లాడింది కడియం గురించి. కాలినుంచి ఊడిరాదు కాబట్టి కడియంతో పాటు నన్నూ దుకాణానికి తీసుకుపోవాలి. ఇప్పుడు ఇది ఎంత తేలికైన సంగతి! కానీ మన భాషలో వస్తువూ 'అది'యే, ఇంట్లో ఆడపిల్లా 'అది'యే. పోగుల కింద వెల్లకిలా పడుకున్న నాకు ప్రతి 'దాన్ని'లోనూ నేనే వినబడ్డాను. అరచేతిలోని అచ్చనగండ్లు చెమటకు తడిసిపోయాయి. పడుగు ఎత్తి చుట్టేదాకా అక్కడినుంచి కదలలేదు.

నాకున్న ఒకే ఆశ హుసేనమ్మ. ఆమె కొనుక్కున్నది కదా, ఆమె ఒప్పుకోకపోతే వీళ్ళు ఎట్లా అమ్ముతారు? మరునాడు ఆమె దగ్గరికి పోయి గుమ్మంలో నిలబడ్డాను. అడగడానికి నోరు రాలేదు. ఆమె వెంట్రుకల నిండా దూది, నవ్వుతూ నా కాలి వంక చూసింది.

"మీ జేజి చెప్పిందిలే. పోనీ. ఏడేండ్లు కాపాడె, దాని రుణం తీరె. నేనేమీ అనుకోనని చెప్పు." తర్వాత నా ముఖం చూసి, "ఏడ్చొద్దు. తీసేసినాక ఎంత తేలిగ్గా ఉంటాదో చూడు," అంది.

రుణం తీరె. ఆ మాటతో నాకు దారులన్నీ మూసుకుపోయాయి.

గురువారం అమ్మ నాకు తల దువ్వి, ఉతికిన పావడ కట్టింది. పండగ కాని రోజు ఉతికిన పావడ ఎందుకో నాకు తెలుసు అనుకున్నాను. ఆమె కండెలు చుట్టుకుంటూ గుమ్మంలోనుంచి లేవనైనా లేవలేదు. "జేజి చేయి వదలొద్దు," అంది, అంతే. బండిలో ముందు నాయన, వెనక జేజీ నేనూ, ఇంకా వేరే ఊరివాళ్ళు, చెనిక్కాయల బస్తాలు. జేజి నా చేయి వదలలేదు. ఎడ్ల మెడగంటలు మోగుతున్నాయి, దారికి ఇరుపక్కలా ఎండిన చేలు, తలలు వాల్చిన కంపచెట్లు. మా ఊరి కొండ ఎంతదాకా కనబడుతుందో చూస్తూ వచ్చాను. తిరిగి రావాలంటే దాన్ని చూసుకొని నడవొచ్చు అనుకున్నాను. కడపకు ముందే అది కనబడకుండా పోయింది.

షరాబు బజారులో దుకాణాలు ఎత్తైన అరుగుల మీద ఉండేవి. మేము ఎక్కిన దుకాణం సావుకారు పరుపు మీద, దిండుకు ఆనుకొని, ముందు చిన్న త్రాసు పెట్టుకొని ఉన్నాడు. నెమ్మదైన గొంతు, నున్నగా గీసిన గడ్డం, నెయ్యి తిన్న మనిషి. లోపలి వైపున కుంపటి, దాగలి, పటకార్లు. వాటి దగ్గర ఒక పనాయన. నేల మీద పరిచిన చాప నల్లగా, మసిబట్టి ఉంది.

ముందు జేజి చేతిది తీశారు. సబ్బు నురుగు రాసి పనాయన లాగుతుంటే జేజి కళ్ళు మూసుకుంది, మూలగలేదు. కడియం వచ్చాక ఆ చోట చర్మం పసిబిడ్డ చర్మంలా తెల్లగా ఉంది. సావుకారు దాన్ని గీటురాయి మీద గీసి, త్రాసులో వేసి, రెండో తట్టలో రూపాయి బిళ్ళలు పేర్చాడు. అప్పట్లో రూపాయే తులం. వేరే రాళ్ళుండేవి కావు, అరిగిన రూపాయి తూకంలో తేలిక.

"ఆ కొత్త రూపాయిలు తియ్యప్పా," అంది జేజి. "అరిగినవి పెట్టు."

"ఏ రూపాయైనా రూపాయే గదమ్మా."

"అయితే అరిగినవే పెట్టు. కొనేటప్పుడు కొత్తవి, అమ్మేటప్పుడు అరిగినవి. నా చిన్నప్పటినుంచి చూస్తానే ఉండా మీ బజారును."

సావుకారు నవ్వాడు. "నువ్వే వచ్చి ఈ దిండు మీద కూసో ముసలమ్మా, నేను పోయి నేస్తా." కొన్ని బిళ్ళలు మార్చాడు, అన్నీ మార్చలేదు.

తర్వాత నన్ను ముందుకు జరిపారు. ఆయన నా కాలు తన మోకాలి మీద పెట్టుకొని అటూ ఇటూ తిప్పాడు. చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి.

"దీని వయసెంత?"

"ఏడేండ్లప్పా."

"పైకి బాగుండాది గాని లోపల సరుకు లేదు. గుల్ల."

"గుల్ల యాడప్పా? దాని కడుపు నిండా మంచిదే పెట్టినాం."

"కడుపులో ఏముండాదో కాలిస్తే తెలుస్తాది," అన్నాడు సావుకారు.

నేను జేజి కొంగు పట్టుకున్నాను. కాలు లాక్కోలేదు. లాక్కుంటే ఇప్పుడే కాలుస్తారేమో అనిపించింది. పనాయన వచ్చి కడియానికీ కాలికీ మధ్య గుడ్డపేలిక దూర్చి, ఆకురాయితో రాకడం మొదలుపెట్టాడు. ఆ గీపెట్టే చప్పుడు ఎముకలోనుంచి పంటిదాకా వచ్చింది. సన్నటి తెల్లని రజను చాప మీద రాలుతోంది. ఒకచోట ఆకురాయి జారి చర్మం గీసుకుంది. చివరికి కత్తెరతో పుటుక్కున తెంపి, రెండు చేతులతో విప్పదీశాడు. దాన్ని పటకారుతో పట్టి కుంపటి మీద పెట్టగానే లోపలినుంచి నల్లటి లక్క బుడగలు బుడగలుగా ఉబికి, చిటపటలాడుతూ కారింది. అప్పుడే నాకు ఆ వాసన తెలిసింది. నాతోపాటు పుట్టినదాని కడుపులోనుంచి అట్లా కారుతుంటే, తరువాతి వంతు నాదే అనుకుంటూ చూశాను.

"చూస్తివా, లక్క," అన్నాడు సావుకారు మెల్లగా. "లక్కకు కొంత తీసెయ్యాల. టంకానికి కొంత. కరిగించేటప్పుడు తరుగుంటాది, గాల్లో కలిసిపోతాది, దానికి కొంత. పోను మిగిలిందానికి మధ్యాన్నం దుడ్డిస్తా."

నాయన, జేజి నూలు వ్యాపారి దగ్గరికి బయలుదేరారు. నేను లేవబోయాను. గీసుకున్న చోట రక్తం చూసి నాయన, "కాలు నొప్పి పుడ్తాది. ఈడ్నే ఉండనీ దాన్ని," అన్నాడు. జేజి నా బుగ్గ నిమిరి, "కదలగాకు," అంది. ఇద్దరూ బజారు మలుపు తిరిగారు.

అమ్మడం అయిపోయింది అనుకున్నాను. దుడ్డు మధ్యాహ్నం ఇస్తాడు.

ఏడవలేదు. స్తంభానికి వీపు ఆనించి, వేళ్ళతో పావడ అంచు నలుపుతూ కూర్చున్నాను. అంత భయంలో మనిషి కండ్లు ఎంత తెరుచుకుంటాయో! ఆ దుకాణంలో ఆ పూట జరిగినదంతా నాకు ఇప్పటికీ ఎదుట ఉన్నట్టే ఉంది. పనాయన జేజి దండకడియాన్ని కుంకుడు నురుగులో వేసి, చింతపండు పులుసుతో తోమి, ఊకతో రుద్ది, గుడ్డతో తుడిచాడు. అది జేజి ఒంటి మీద ఎన్నడూ మెరవనంత మెరిసింది. కొంతసేపటికి ఒక రైతు, అతని భార్య వచ్చారు, కూతురి పెండ్లికి కొనడానికి. సావుకారు దాన్నే తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

"కొత్తదేనా సామీ?" అడిగింది ఆమె.

"కొత్త, పాత అని వెండికి ఉంటాదామ్మా? కడిగితే కొత్తదే."

ఈసారి త్రాసులో అరిగిన రూపాయలు పడ్డాయి. బరువు మీద ధర, ధర మీద నగిషీ పనికి మజూరి. పొద్దున జేజి దగ్గర కొన్నప్పుడు నగిషీ గురించి ఎవరూ మాట ఎత్తలేదు. అప్పుడు అది కరిగించే పాత వెండి. రైతు భార్య దాన్ని చేతికి ఎక్కించుకొని మురిసిపోయింది. సావుకారు ఎవరినీ గద్దించలేదు, ఎవరినీ తొందరపెట్టలేదు. ఒక దండకడియాన్ని కరిగించకుండానే, కూర్చున్న చోటినుంచి లేవకుండానే, ఇటు కొంత అటు కొంత మిగుల్చుకున్నాడు. ఇవన్నీ అప్పుడు నాకు లెక్కగా అర్థం కాలేదు. అర్థమైంది ఒకటే. ఇక్కడ కొన్నదాన్ని కడిగి ఇంకొకరికి అమ్ముతారు.

అంతలో లోపలినుంచి సావుకారు భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఎండన పడి వచ్చినట్టుండావు, మొగం కడుక్కో పాపా," అంది.

నేను కదలలేదు. ఆమే తన తడిచేత్తో నా ముఖం తుడిచి, చెదిరిన జుట్టు సర్ది, "ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉండావో," అని నవ్వి, మిగిలిన నీళ్ళు అరుగు కింద కాలువలో పోసింది. ఒళ్ళో బొరుగులూ బెల్లం ముక్కా పెట్టింది. నాకు ఇష్టమైనవి. ఒక్క గింజ నోట్లో పెట్టుకోలేదు.

మధ్యాహ్నం పనాయన అన్నానికి పోయాడు. సావుకారు దిండు మీద వాలి కునుకు తీస్తున్నాడు. బజారులో ఎండ తెల్లగా కాస్తోంది. అమ్మ ఎప్పుడూ అనే మాట గుర్తుకొచ్చింది: "పొరక పట్టుకొన్న ఆడది యాడైనా బతుకుతాది." పని బాగా చేస్తే వీళ్ళు నన్ను మళ్ళీ ఎవరికీ అమ్మకుండా ఉంచుకుంటారేమో, మా ఊరికి దగ్గరగా ఉండొచ్చేమో అనుకున్నాను. మూలన పొరక ఉంది. చప్పుడు కాకుండా చాప ఎత్తి, దాగలి చుట్టూ, కుంపటి కిందా, గోడల మూలలూ, అమ్మ నేర్పినట్టు నడుము వంచి, ఒక్క నలుసు లేకుండా ఊడ్చాను. కుంపటి పక్కన మట్టిచట్టిలో బూడిదా చెత్తా కుప్పగా పోసి ఉంటే అదీ తీశాను. అన్నీ కలిపి అరుగు అంచుదాకా తోసి కాలువలో కుమ్మరించాను.

చట్టి అంచు రాతికి తగిలిన చప్పుడుకు సావుకారు కళ్ళు తెరిచాడు. శుభ్రంగా ఉన్న నేలను చూశాడు. నా చేతిలో ఖాళీ చట్టిని చూశాడు. ఆ నెమ్మదైన గొంతు ఎక్కడ పోయిందో, "నా కడుపు కొట్టినావు గదే!" అని ఒక్క అరుపు అరిచి, పంచె ఎగ్గట్టి అరుగు మీదినుంచి కాలువలోకి దిగాడు. భార్య పళ్ళెం తీసుకొని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చేతులతో బురద తోడి పళ్ళెంలో వేస్తున్నారు. ఎదురు దుకాణాలవాళ్ళు లేచి వచ్చి చూస్తున్నారు. నేను పొరక పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఇప్పుడు కాలుస్తారు అనుకున్నాను. పావడ తడిసిపోయింది.

అప్పుడు బజారు మలుపులో జేజి, నాయన కనబడ్డారు.

జేజి నా దగ్గరికి వచ్చింది. నా ముఖం, నా పావడ, నా చేతిలో పొరక చూసింది. తర్వాత కాలువలోకి చూసింది.

"ఏమప్పా సావుకారూ, ఏం పారేసుకొన్నావు?"

"మీ పిల్ల చేసిన పని చూడు. ఉగాదినుంచి కూడబెట్టిన చెత్త, అంతా కాలవలో కలిపింది. మీ దుడ్డులో పట్టుకొంటా."

"చెత్తకు దుడ్డా?"

"చెత్త కాదది. వెండి రజను. కడిగేవాండ్లకు అమ్మితే దాని ధర దానికుండాది."

నాయన ముఖం నల్లబడింది. ఆ దుడ్డు రాకపోతే నూలు లేదు. నూలు వ్యాపారి సాయంత్రందాకా మూట పక్కన పెడతానని చెప్పాడట. నాయన ఏదో బతిమాలబోయాడు. జేజి చేయి అడ్డం పెట్టింది. తెల్లటి వలయం ఉన్న ఆ చేయే.

"వెండి రజనా," అంది సాగదీసి. "యాడినుంచి వచ్చిందప్పా అది?"

"యాడినుంచి వస్తాది? రాకినప్పుడు, కోసినప్పుడు రాల్తాది."

"పొద్దున నా మనమరాలి కడియం రాకితిరే, అప్పుడు రాల్నిందీ దాంట్లో ఉండాదా?"

"ఉంటాది. ఉంటే?"

"మరి తరుగని మా తూకంలో తీసేస్తివే. గాల్లో కలిసిపోతాదంటివే. గాల్లో కలిసింది నీ చట్టిలోకి ఎట్లొచ్చె నాయనా?"

ఎదురు దుకాణాయన పక్కున నవ్వి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వినవాడి దుకాణంలోనూ అట్లాంటి చట్టి ఉండే ఉంటుంది. సావుకారు చేతుల బురద దులుపుకున్నాడు. చాలామంది చూస్తున్నారు. తరుగు పేరుతో తీసిందీ తనదే, నేల మీద రాలిందీ తనదే అని నిండు బజారులో చెప్పడం ఎట్లా?

"మా తరుగు మాకియ్యి," అంది జేజి. "నీ కాలవ నువ్వుంచుకో. దాని మాట మేమెత్తం."

ఆయన పరుపు మీదికి వచ్చి కూర్చొని, తుడుచుకొని, కాస్త గొణిగి, తరుగుకు తీసినది కలిపి ఇచ్చాడు. లక్కకు, టంకానికి తీసినవి ఇవ్వలేదు. జేజి అడగలేదు. అంతా అయ్యాక ఆయనకు మళ్ళీ నవ్వు వచ్చింది. వ్యాపారస్థుడు కదా, బజారు ముందు చిన్నబోయి ఉండలేడు.

"సరేగాని ముసలమ్మా, దాన్ని ఈడ్నే వదిలిపెట్టి పో. ఊడ్చేది బాగా నేర్చింది, నేను సాక్కుంటా."

"తవుడు తెచ్చినావా?" అంది జేజి. "తవుడుకు తప్ప అమ్మం దాన్ని మేము."

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు, ఎన్నో నెలల తర్వాత. జేజి నా చేతిలోని పొరక తీసి స్తంభానికి ఆనించి, నా చేయి పట్టుకొని దిగింది.

బండిలో నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను. నూలు మూటకు ఆనుకొని జేజి నిద్రపోయింది. నేను దారినే చూస్తున్నాను, బజారు మనిషి ఎవరైనా తవుడు గంప ఎత్తుకొని మా వెనక వస్తున్నాడేమోనని. ఆ తర్వాత చాలాకాలం మా వీధిలో ఎవరు తవుడు అమ్మడానికి వచ్చినా నేను పడుగు కింద దూరేదాన్ని. ఈ పిల్లకు తవుడంటే పడదు అనుకున్నారు ఇంట్లో. మగ్గం మళ్ళీ ఆడింది. వానలు వచ్చాయి. నా కాలు తేలికైందా అని హుసేనమ్మ అడిగినప్పుడల్లా తల ఊపేదాన్ని.

ఈ సంగతి జేజికి చెప్పింది చాలా ఏండ్ల తర్వాత. ఆమె మంచం పట్టి ఉంది. నేను ఆమె చేతికి నూనె రాస్తూ, ఎందుకో, మొత్తం చెప్పేశాను. మొగం కడిగినప్పటి సంగతి చెప్పేసరికి ఆమె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. తర్వాత నవ్వు ఆగింది.

"పిచ్చిమొగందానా, ఒక్క మాట అడగొచ్చు గదే నన్ను."

"అడిగితే అవునంటావేమోనని," అన్నాను.

 "మేము గూడా అడగలేదులే నిన్ను," అంది జేజి. "ఎందుకట్ల ఉచ్చ పోసుకొన్నావని గూడా అడగలేదు. దుడ్డు వచ్చె, నూలు వచ్చె, ఇంటికొస్తిమి." నా చేతిని తన చేతి కింద పెట్టుకొని పడుకుంది. ఆ వారంలోనే పోయింది.

మొన్న అన్న పనిమీద కడపకు పోయి వచ్చాడు. షరాబు బజారులో ఇప్పుడు ఇనుప రాళ్ళు, ముద్రవేసినవి. తులానికి తూగే రూపాయలన్నీ యుద్ధకాలంలో కొలిమిపాలయ్యాయి. ఇప్పుడు చేతికి వచ్చే రూపాయలో వెండి ఎంతో దాన్ని చేసినవాళ్ళకే తెలియాలి. మా ఊళ్ళో వీధిలో పడుగు చాచే ఇళ్ళు తగ్గాయి. హుసేనమ్మ కొడుకు బద్ద పక్కన పడేసి మిల్లుకు పోయాడు. బిడ్డలను తవుడుకు అమ్మే జేజులు లేరు.

ఇక్కడ డోనులో నన్ను కూలీలు అమ్మగారూ అంటారు, అన్నతో పనిచేసేవాళ్ళు మీ చెల్లెలుగారు అంటారు. వదినె మర్యాదస్తురాలు, పక్కింటివాళ్ళతో నా గురించి చెప్పేటప్పుడు 'ఆమె' అంటుంది. 'అది యాడ పోయిందే, దాన్ని పిలువు' అని ఒక వసారాలోనుంచి ఇంకో వసారాలోకి కేకవేసేవాళ్ళు ఇక ఎవరూ లేరు.